స్విస్ ట్రావెల్ పాస్: విశాఖ కుటుంబానికి గిట్టుబాటు అవుతుందా?

ఆర్టీసీ కాంప్లెక్స్‌లో మధురవాడ బస్సు ఎప్పుడని అడిగితే "ఇప్పుడే ఒకటెళ్ళిందండీ, ఇంకోటి వచ్చేస్తాది" అంటారు. మనకి అది చాలు. స్విట్జర్లాండ్‌లో కొండమీది చిన్న పల్లెలో కూడా బస్సు ఆగే చోట స్తంభానికి టైంటేబుల్ వేలాడుతూ ఉంటుంది. గంటగంటకీ అదే నిమిషానికి బస్సు వస్తుంది. అది దిగువ స్టేషన్‌కి చేరిన కొద్ది నిమిషాలకే రైలుంటుంది, రైలు దిగితే పడవ. ఈ మూడింటినీ ఒకే టికెట్ మీద ఎక్కనిచ్చేది స్విస్ ట్రావెల్ పాస్. విదేశీ యాత్రికులకే అమ్ముతారు.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. నాలుగు రోజులకి మించి ఉండి, రోజూ ఊళ్ళు తిరిగేవాళ్ళకి ఇది నిక్షేపం. ఇంటర్లాకెన్‌లో హోటల్ తీసుకుని, ఒకరోజు యుంగ్‌ఫ్రౌ కొండ, ఒకరోజు టిట్లిస్ కొండ, మిగతా టైములో షాపింగ్ అనుకునేవాళ్ళకి దండగ. విశాఖ నుంచి వెళ్ళే కుటుంబాల్లో చాలామంది రెండో రకం ప్లాను వేసుకుని మొదటి రకం పాస్ కొంటారు. నష్టం అక్కడే వస్తోంది.

ధరలు చూద్దాం. 2024లో సెకండ్ క్లాస్ పెద్దవాళ్ళకి 3 రోజుల పాస్ 244 ఫ్రాంకులు, 4 రోజులది 295, 6 రోజులది 379, 8 రోజులది 419, 15 రోజులది 459. ఏటా సవరిస్తారు కాబట్టి కొనే ముందు తాజా ధర చూసుకోండి. రోజుకెంత పడుతుందో లెక్కేస్తే అసలు సంగతి బయటపడుతుంది: 3 రోజులదైతే రోజుకి 81, 6 రోజులదైతే 63, 8 రోజులదైతే 52, 15 రోజులదైతే 31 కూడా కాదు. ఎనిమిది రోజులకీ పదిహేను రోజులకీ తేడా 40 ఫ్రాంకులే. మన ప్యాకేజీల్లో ఉండే "స్విస్ మూడు రాత్రులు" పద్ధతికి ఈ పాస్ అత్యంత ఖరీదుగా పడుతుందన్నమాట. ఫ్రాంకుని సుమారు వంద రూపాయలనుకుంటే లెక్క నోటితోనే తేలిపోతుంది. అక్కడ నడిచేది ఫ్రాంకు, యూరో కాదు. వీసా మాత్రం షెంగెన్‌దే, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా. ఆ దేశం 2008లో షెంగెన్‌లో చేరింది గానీ యూరోపియన్ యూనియన్‌లో చేరలేదు. ఫోన్‌కి "యూరప్ ఈ-సిమ్" కొనేటప్పుడు ఈ తేడా గుర్తుండాలి. కొన్ని ప్యాకుల్లో స్విట్జర్లాండ్ ఉండదు, అది దిగాక గానీ తెలీదు.

పాస్‌లో ఏముందంటే: దేశంలోని దాదాపు అన్ని రైళ్ళు, పోస్ట్‌బస్సులు (కొండ పల్లెలకి కూడా వెళ్ళే బస్సులు), సరస్సుల్లో మామూలు పడవలు, తొంభైకి పైగా ఊళ్ళలో ట్రాములూ సిటీ బస్సులూ, ఐదొందలకి పైగా మ్యూజియాలు. వీటితో పాటు రీగి, స్టాన్సర్‌హార్న్, స్టూస్ కొండలు పూర్తిగా ఉచితం. పిలాటస్, టిట్లిస్, గోర్నర్‌గ్రాట్ లాంటివాటికి సగం ధర. యుంగ్‌ఫ్రౌ చూడబోయేవాళ్ళు చేరే పై స్టేషన్ యుంగ్‌ఫ్రౌయోహ్‌కి తగ్గింపు పావు వంతే.

ఆ పావు వంతు దగ్గరే మనవాళ్ళు బోల్తా పడతారు. ఇంటర్లాకెన్ నుంచి యుంగ్‌ఫ్రౌయోహ్‌కి రానూపోనూ పూర్తి టికెట్ 200 ఫ్రాంకులు దాటుతుంది. పాస్ గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితంగా తీసుకెళ్ళి, ఆ పైన పాతిక శాతం తగ్గిస్తుంది. చేతి నుంచి ఇంకా వంద పైనే పోతుంది. అదే హాఫ్ ఫేర్ కార్డు (టికెట్లు సగం ధరకి ఇప్పించే వేరే కార్డు) ఉంటే కింది నుంచి పై దాకా సగానికి సగం. 2024లో నెల రోజుల హాఫ్ ఫేర్ కార్డు 120 ఫ్రాంకులు. ఒకే ఊళ్ళో మకాం పెట్టి రెండు పెద్ద శిఖరాలు ఎక్కి వచ్చేసే కుటుంబానికి అదే సరైన మందు. స్విస్ జనం జేబుల్లో ఎక్కువగా కనిపించేదీ వాళ్ళ సొంత సగం ధర కార్డే, వాళ్ళ వాడుకలో "హాల్బ్‌టాక్స్".

పిల్లల విషయంలో పాస్ ఉదారంగా ఉంటుంది. ఆరేళ్ళలోపు వాళ్ళకి టికెట్ అక్కర్లేదు. ఆరు నుంచి పదహారు నిండేలోపు పిల్లలకి స్విస్ ఫ్యామిలీ కార్డు ఉచితం, కానీ అమ్మో నాన్నో వెంట ఉండాలి. తాతగారూ మామ్మగారూ మాత్రమే పిల్లల్ని వేసుకుని బయల్దేరితే ఈ కార్డు పనిచెయ్యదు. ఇంకోటి, ఇది దానంతట అదే రాదు. పాస్ కొనేటప్పుడే అడిగి చేర్పించుకోవాలి. ఇద్దరు పెద్దలు, ఎనిమిదేళ్ళూ పన్నెండేళ్ళూ ఉన్న ఇద్దరు పిల్లలైతే 2024 ధరల్లో నాలుగు రోజులకి పాస్‌ల మొత్తం ఖర్చు 590 ఫ్రాంకులే. పాతికేళ్ళలోపు వాళ్ళకి ముప్ఫై శాతం తగ్గింపు ఉంది, డిగ్రీ చదివే పిల్లలుంటే మర్చిపోకండి.

డబ్బు లెక్క పక్కన పెడితే, పాస్ అసలు విలువ ఆ దేశం టైంటేబుల్‌లో ఉంది. 1982 నుంచి అక్కడ రైళ్ళు గంటగంటకీ ఒకే నిమిషానికి బయల్దేరే పద్ధతిలో నడుస్తున్నాయి, ఇప్పుడు చాలా మార్గాల్లో అరగంటకొకటి. జ్యూరిక్, బెర్న్, బాసెల్ లాంటి పెద్ద స్టేషన్లలోకి అన్ని దిక్కుల రైళ్ళూ గంట కొట్టడానికి కొద్ది నిమిషాల ముందు చేరి, గంట దాటిన కొద్ది నిమిషాలకి వదులుతాయి. మధ్యలో దిగినవాళ్ళు ఎదుటి ప్లాట్‌ఫారం మీద ఇంకో రైలెక్కుతారు. 2004లో జ్యూరిక్, బెర్న్‌ల మధ్య కొత్త లైను తెరిచి ప్రయాణాన్ని 69 నిమిషాల నుంచి గంట లోపుకి దించారు. ఇంకా వేగంగా పరిగెత్తించే ఆలోచన లేదు. గంట లోపు చేరితే కనెక్షన్ దొరుకుతుంది, అంతకంటే ముందు చేరినా ప్రయోజనం లేదు. మన దగ్గర బండి వేగం చూసి గొప్ప అంటాం, వాళ్ళు దిగాక ఎంతసేపు నిలబడాలో చూస్తారు.

స్టేషన్ గడియారాన్ని ఒక నిమిషం నిలబడి చూడండి. 1944లో హాన్స్ హిల్ఫికర్ అనే ఇంజనీరు రూపొందించినది. ఎర్ర సెకన్ల ముల్లు, చివర గుండ్రటి బిళ్ళ, రైలు పంపించే ఉద్యోగి చేతిలోని సిగ్నల్ బిళ్ళలాగా. ఆ ముల్లు అరవై సెకన్ల కంటే కాస్త తొందరగా చుట్టేసి పన్నెండు దగ్గర ఆగుతుంది. నిమిషాల ముల్లు టక్కుమని ముందుకి దూకాక మళ్ళీ కదులుతుంది. అన్ని గడియారాలూ ఒకేసారి నిమిషం మారడానికి ఈ ఏర్పాటు.

పాస్‌తో చెయ్యదగ్గ ఒక్క రోజు ప్రయాణం చెప్పమంటే రీగి చెబుతాం, ఎందుకంటే అందులో అదనంగా రూపాయి కూడా కట్టక్కర్లేదు. లూసర్న్ స్టేషన్ గుమ్మం దాటితే ఎదురుగా పడవల రేవు. అక్కణ్ణించి విట్స్‌నౌ దాకా సుమారు గంట. రేవు పక్కనే ఎర్ర పళ్ళచక్రం రైలు నిలబడి ఉంటుంది. పట్టాల మధ్యలో పళ్ళున్న ఇనప పట్టీ ఉంటుంది, బండి కింది చక్రం దాన్ని కరుచుకుంటూ ఎక్కుతుంది. అరగంటలో రీగి కుల్మ్, సుమారు 1,800 మీటర్లు. దిగేటప్పుడు వచ్చిన దారిన రాకండి. నీలం బండి ఎక్కి ఆర్ట్-గోల్డౌ వైపు దిగి, మామూలు రైల్లో లూసర్న్ చేరండి. పడవ, ఎర్ర బండి, నీలం బండి, రైలు, నాలుగింటికీ ఒకటే పాస్. రీగి రోజు టికెట్ విడిగా కొంటే అదొక్కటే 70 ఫ్రాంకుల పైన.

ఒకే కొండకి రెండు రంగుల బళ్ళు ఎందుకో తెలిస్తే స్విస్ మనిషి సగం అర్థమైనట్టే. 1871లో నిక్లౌస్ రిగ్గెన్‌బాఖ్ యూరప్‌లోనే మొట్టమొదటి పళ్ళచక్రం కొండ రైలు ఇక్కడ వేశాడు. కానీ ఆయనకి అనుమతి ఇచ్చింది లూసర్న్ కాంటన్ (కాంటన్ అంటే మన రాష్ట్రం లాంటిది). శిఖరం ఉన్నది ష్విట్స్ కాంటన్‌లో. దాంతో పట్టాలు సరిహద్దు దగ్గరే ఆగిపోయాయి. పై ముక్కకి హక్కు ష్విట్స్ వైపు కంపెనీకి దక్కింది. ఆ ముక్క 1873లో పూర్తయితే విట్స్‌నౌ కంపెనీ దాన్ని అద్దెకి తీసుకుని బండి పైదాకా నడిపింది. 1875లో గోల్డౌ వైపు నుంచి రెండో లైను వచ్చింది. రెండు కంపెనీలూ కలిసింది 1992లో! అంటే నూరేళ్ళ పైచిలుకు ఒకే శిఖరానికి రెండు కంపెనీల బళ్ళు, పైభాగంలో పక్కపక్క పట్టాల మీద. ఆ దేశంలో 26 కాంటన్లున్నాయి. బడి, పన్ను, పోలీసు, సెలవులు చాలావరకు కాంటన్ చేతిలోనే. సింహాచలం కొండకి అడివివరం వాళ్ళొక మెట్లదారి, గోపాలపట్నం వాళ్ళొక మెట్లదారి కట్టుకుని నూరేళ్ళు పంతం పట్టినట్టు ఊహించుకోండి.

భాష మారడం కూడా రైల్లోంచే చూడొచ్చు. బెర్న్ నుంచి లోజాన్ రైలెక్కితే మొదట జర్మన్‌లో వినిపించే ప్రకటనలు ఫ్రిబూర్ దగ్గర ఫ్రెంచ్‌లోకి తిరిగిపోతాయి. ఆ రైల్లో ఎడమవైపు కూర్చోండి. లోజాన్‌కి కాస్త ముందు సొరంగం దాటగానే జెనీవా సరస్సు, దాని మీదికి దిగే లావో ద్రాక్షతోటల మెట్లు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. దీనికి రిజర్వేషన్ అక్కర్లేదు, పేరున్న పనోరమా రైలూ (పెద్ద అద్దాల యాత్రికుల రైలు) కాదు.

ఇక పేరున్నవాటి సంగతి. గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్, బెర్నినా ఎక్స్‌ప్రెస్‌లకి పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ విడిగా కొనాల్సిందే. గ్లేసియర్‌కి ఆ రుసుమే 40 ఫ్రాంకుల పైన ఉంటుంది. బెర్నినా విషయంలో మా సలహా సూటిగా చెబుతాం: ఎక్స్‌ప్రెస్ వద్దు, అదే పట్టాల మీద నడిచే మామూలు ప్రాంతీయ రైలెక్కండి. 2,253 మీటర్ల ఎత్తున ఒస్పీట్సియో బెర్నినా స్టేషన్, బ్రూసియోలో రైలు తన తోకనే చూసుకునే గుండ్రటి వంతెన, అన్నీ అవే. ఎక్స్‌ప్రెస్ పెద్ద అద్దాలు తెరుచుకోవు, ఫొటోలో మీ మొహమే పడుతుంది. ప్రాంతీయ రైల్లో కొన్ని పెట్టెలకి కిటికీ దించుకోవచ్చు. అరకు వెళ్ళేటప్పుడు విస్టాడోమ్‌లో కాకుండా కిరండూల్ పాసింజర్ కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకి ఈ తేడా వివరించక్కర్లేదు.

ఆల్ప్స్‌లోని గోట్‌హార్డ్ కొండల్ని దాటేటప్పుడూ ఇదే కిటుకు. 2016లో తెరిచిన 57 కిలోమీటర్ల సొరంగంలోంచి వెళితే ఇరవై నిమిషాలు చీకటి. పాత 1882 మార్గంలో వెళ్ళే రైలుకి టైము ఎక్కువ, కానీ వాసెన్ ఊరి తెల్ల చర్చి మూడుసార్లు కనిపిస్తుంది: ఒకసారి తలెత్తి చూస్తాం, ఒకసారి ఎదురుగా, ఒకసారి కిందికి. కొండ ఎత్తు అందుకోవడానికి రైలు మెలికలు తిరగడం వల్ల. పాస్ రెండిటికీ చెల్లుతుంది. రైళ్ళ యాప్ మాత్రం వేగంగా వెళ్ళేదే ముందు చూపిస్తుంది, మీరే వెతుక్కోవాలి.

ఎక్కడెక్కడ తప్పు జరుగుతుందో చెప్పుకోవాలి. ఇంటర్లాకెన్ ఓస్ట్ నుంచి బయల్దేరే కొండ రైలు త్స్వైల్యూచినెన్ దగ్గర రెండుగా విడిపోతుంది. కొన్ని పెట్టెలు గ్రిండెల్‌వాల్డ్‌కి, కొన్ని లౌటర్‌బ్రునెన్‌కి. ప్లాట్‌ఫారం మీది బోర్డులో ఏ సెక్టారు ఎక్కడికో రాస్తారు, పెట్టె మీదా ఉంటుంది. నాన్న ఒక పెట్టెలో, సామాను ఇంకో పెట్టెలో ఎక్కితే ఇద్దరూ వేరే లోయల్లో తేలతారు. ఫస్ట్ క్లాస్ పెట్టెకి పైన పసుపు గీత, తలుపు పక్కన ఒకటి అంకె ఉంటాయి. ఖాళీగా ఉందని కూర్చుంటే జరిమానా. స్టేషన్లో గేట్లుండవు కదా, ఎవరూ అడగరేమో అనుకోకండి. రైల్లోకి వచ్చి అడుగుతారు, చెల్లే టికెట్ లేకపోతే దాదాపు వంద ఫ్రాంకులు. జ్యూరిక్ స్టేషన్లో 31 నుంచి 34, 41 నుంచి 44 ప్లాట్‌ఫారాలు భూగర్భంలో ఉన్నాయి. పెద్ద సూట్‌కేసులతో పై నుంచి అక్కడికి చేరడానికి పది నిమిషాలు పెట్టుకోండి.

ఫ్లెక్స్ పాస్ అని ఇంకో రకం ఉంది, నెలలో మీకు నచ్చిన రోజులు వాడుకోవచ్చు. ధర కాస్త ఎక్కువ. వాడే రోజుని రైలెక్కే ముందే ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చెయ్యాలి. ఎక్కాక చేస్తానంటే టికెట్ లేని ప్రయాణం కిందే లెక్క. మామూలు పాస్ అయితే రోజులు వరసగా నడిచిపోతాయి. విశాఖ నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి రెండు విమానాలు మారి సాయంత్రానికి జ్యూరిక్ దిగేవాళ్ళే ఎక్కువ. ఆరోజు నుంచే పాస్ మొదలెడితే ఒక రోజు వృథా. విమానాశ్రయం కిందే స్టేషన్ ఉంది, నగరానికి పది పన్నెండు నిమిషాలే, విడిగా టికెట్ కొనుక్కుని మర్నాటి నుంచి పాస్ మొదలుపెట్టండి.

పేరు విషయం మన తెలుగువాళ్ళకే ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పాస్ మీద "సీహెచ్" అని ఉంటే తనిఖీలో వివరణలు ఇచ్చుకోవాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయించండి. పాస్‌పోర్టు వెంట ఉండాలి, హోటల్ లాకర్‌లో కాదు. కార్డుతో కట్టేటప్పుడు "రూపాయల్లో కట్టమంటారా" అని యంత్రం అడిగితే వద్దని ఫ్రాంకులే ఎంచుకోండి, మారకం రేటు కలిసొస్తుంది.

మనవాళ్ళని ఎక్కువ దెబ్బతీసేది కాలం. మన బడి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. అక్కడ సరిగ్గా అప్పుడే, మంచు సీజన్ ముగిసి వేసవి మొదలయ్యే సందులో, చాలా రోప్‌వేలు మరమ్మతుకి మూసేస్తారు. పడవల ట్రిప్పులూ తక్కువే. ఫుర్కా, గ్రిమ్‌సెల్ లాంటి కనుమ దారులు మంచు తీసి జూన్ ప్రాంతంలో గానీ తెరవరు. బడి తెరిచే ముందు జూన్ మొదటి పది రోజులు దొరికితే అదే మంచి అదను. ఏ నెల్లోనైనా కొండ ఎక్కే ముందు శిఖరం వెబ్‌కామ్ చూడండి. పైన తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించకపోతే ఆరోజు మ్యూజియానికి పోండి, పాస్‌లో ఉన్నదే కదా. సముద్ర మట్టంలో బతికే ఒంటికి యుంగ్‌ఫ్రౌయోహ్ 3,454 మీటర్లు తేలిక కాదు. పైన పరిగెత్తకండి, నీళ్ళు తాగుతూ ఉండండి, పెద్దవాళ్ళకి తల తిరిగితే తర్వాతి బండికే దింపెయ్యండి.

తిండి గురించి రెండు మాటలు. ఆవకాయ పట్టుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలపొడి, కోవా స్వీట్లు, చికెన్ పచ్చడి కుదరవు, యూరప్ బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తేకూడదని నిబంధన. పెరుగు కోసం బెంగ వద్దు, మిగ్రోస్, కోప్ అనే సూపర్‌మార్కెట్లలో తియ్యదనం లేని పెరుగు డబ్బాలుంటాయి, అన్నంలోకి దివ్యంగా కలుస్తుంది. శుద్ధ శాకాహారులు గ్రుయేర్ చీజ్ జోలికి పోకపోవడం మంచిది, పాలు విరగ్గొట్టడానికి దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్ వాడతారు. నీళ్ళ సీసాలు కొనకండి. వీధి ఫౌంటెన్ల నీళ్ళు తాగొచ్చు, తాగకూడనిదైతే రాసి ఉంటుంది. ఆదివారం దుకాణాలు మూతే, శనివారం సాయంత్రమే కట్టేస్తారు. ఆదివారం కూరగాయలు కావాలంటే పెద్ద స్టేషన్లోని దుకాణాలే దిక్కు. ఆ ఆదివారం సాయంత్రాల్లోనే సైనిక శిక్షణకి తిరిగి వెళ్ళే కుర్రాళ్ళు యూనిఫాంలో, భుజానికి తుపాకీతో రైలెక్కుతారు. కంగారు పడకండి. అక్కడ మగపిల్లలందరికీ సైనిక సేవ తప్పనిసరి.

రైస్ కుక్కర్ పట్టుకెళ్ళేవాళ్ళకి చివరి మాట. కరెంటు మనలాగే 230 వోల్టులు, కానీ మన మూడు పిన్నుల ప్లగ్గు ఆ గోడలోకి దిగదు. ఫోన్ చార్జర్ల సన్న రెండు పిన్నులు పడతాయి. జర్మనీకని కొన్న లావు గుండ్రటి అడాప్టర్ కూడా పట్టదు, సాకెట్టు ఆరు మూలల గుంటలా ఉంటుంది. స్విట్జర్లాండ్‌దని రాసి ఉన్న మూడు పిన్నుల అడాప్టర్ ఇక్కడే కొనుక్కుని సూట్‌కేసులో పడెయ్యండి.